నిద్రపుచ్చిన బండి

"మీరు నేర్పిన పాఠమే మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్, షెడ్డు తాళానికి వేసిన సీలు చింపుతూ. "కారణం దొరికితే మనిషి దొరుకుతాడు. కారణం కుళ్ళు. మనిషి చిన్నల్లుడు. కేసు అయిపోయింది. మీరింత ఎండలో పడి రావడమే నాకు బాధగా ఉంది."

జల్లెడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ పాఠం ఆమెదే. ఏ కేసిచ్చినా నూక గింజ కూడా వదలకుండా జల్లిస్తుందని డిపార్ట్‌మెంట్లో ఆమెకి జల్లెడ అని పేరు పెట్టిందీ ఈ మహానుభావుడే. ఆమె కింద పనిచేసినన్నాళ్ళూ ఆమె మాటలన్నీ ఏరుకుని జేబులో వేసుకున్నాడు. ఆమె ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకుందో లేదో, వెళ్ళి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. ఇప్పుడా మాటలే పేపర్లో పడుతున్నాయి, పక్కన అతని ఫొటోతో సహా. పోయినవారం పడ్డ ఫొటోని ఆమె చాలాసేపు పరీక్షగా చూసింది. జుట్టు ఎక్కడా పల్చబడలేదు. దానిక్కూడా ఆమెకి కడుపు మండింది.

"ఎండకేముందిలే బాబూ," అంది తియ్యగా. "తలుపు తియ్యి."

లోపల కొత్త రంగు వాసన గుప్పుమంది. గోడ వెంబడి నడుం ఎత్తు కూడా లేని పాత తోట ట్రాక్టర్లు వరసగా ఉన్నాయి. కొన్ని తుప్పు పట్టి ఉన్నాయి, కొన్ని చక్రాలు ఊడదీసి దిమ్మల మీద ఉన్నాయి. తాతలనాడు తోటల్లో గడ్డి కోసి, మడులు దున్నిన బళ్ళు అవి. వాటిని కొన్న కొత్తలో ఎలా ఉండేవో అలా తయారుచేసి పోటీలకి పంపడం ఈ ఇంటి వృత్తి. మామగారు పోయాక షెడ్డు ఇద్దరల్లుళ్ళ చేతికొచ్చింది. పెద్దల్లుడు రంగు మేస్త్రి, చిన్నల్లుడు ఇంజను మేస్త్రి. పోటీలో జడ్జీలు కళ్ళతో చూసి కప్పులిస్తారు గనక కప్పులన్నీ పెద్దల్లుడి ఇంటి అలమారాలోకే వెళ్ళాయి.

మొన్న మధ్యాహ్నం ఆ పెద్దల్లుడు మూసిన షెడ్డులో ఎర్ర ట్రాక్టరు పక్కన చచ్చి పడున్నాడు. టీ తీసుకొచ్చిన భార్య చూసింది. ఇంజను పొగ ఊపిరితిత్తుల నిండా పట్టేసిందని డాక్టరు తేల్చాడు. నిన్న చిన్నల్లుణ్ణి పోలీసులు పట్టుకెళ్ళారు. అతని భార్య ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో జల్లెడ దగ్గరికొచ్చింది. "మా ఆయన చీమక్కూడా హాని చెయ్యడండీ. రేపు సాయంత్రం కోర్టులో పెడతారట. ఆ లోపల ఆయన్ని నాకు తెచ్చివ్వండి," అంది.

"మూడు సాక్ష్యాలు మేడమ్," ఇన్‌స్పెక్టర్ వేళ్ళు మడుస్తూ మొదలెట్టాడు. "ఇంజను నడిపేటప్పుడు సైలెన్సరుకి ఈ రబ్బరు గొట్టం తగిలించి, పొగని గోడ కన్నంలోంచి బయటికి పంపుతారు. దాని క్లిప్పు ఎవరో విప్పారు. విప్పిన పానా చిన్నల్లుడిది. రెండు, తలుపులూ కిటికీలూ అన్నీ మూసి, కిటికీల సందుల్లో కాగితం పట్టీలు కూడా అంటించారు. మూడు, ఆ రోజు పొద్దున తోడల్లుళ్ళిద్దరూ వీధి వీధంతా వినేలా పోట్లాడుకున్నారు. దేనికో చూడండి."

ఎర్ర ట్రాక్టరు బానెట్ పక్కన ఇత్తడి రేకు తళతళలాడుతోంది. 'ఈ బండికి మళ్ళీ ప్రాణం పోసినవారు' అని చెక్కి, కింద పెద్దల్లుడి పేరు ఒక్కటే వేసుంది.

జల్లెడ వంగి బానెట్‌ని చిటికెనవేలితో తాకింది. రెండు రోజులైనా రంగు ఇంకా కాస్త జిగురుగానే ఉంది.

"తడి రంగు మీద దుమ్ము పడకూడదని పట్టీలు అంటించింది పెద్దల్లుడే," అంది. "ఆ గొట్టం క్లిప్పు వేడెక్కితే సైలెన్సరు మీద మచ్చ పడుతుంది. అదిగో, పక్కనున్న పచ్చ బండికి ఆ మచ్చ ఉంది చూడు. అందుకని పోటీ బండికి గొట్టం తీసేసిందీ అతనే. పానా ఎవరిదైతేనేం, ఒకే షెడ్డు. ఇంజను ఎలా పలుకుతుందో విందామని ఒక్క నిమిషం అనుకుని స్టార్ట్ చేశాడు. వేలిముద్రల సంగతేమిటి?"

"ఇక్కడ ప్రతి వస్తువు మీదా ఇంటిల్లిపాది వేలిముద్రలూ ఉన్నాయి. అది వదిలెయ్యండి. మీరు చెప్పేది ప్రమాదమంటారు. అంతేనా?" అతను నవ్వాడు. "పేపర్లో రావడానికి బాగోదు మేడమ్."

ఆ పేపరన్న మాట అనకుండా ఉండాల్సింది. జల్లెడకి కళ్ళల్లో కారం కొట్టినట్టయింది. ఈ మనిషి మొహంలో ఆ నవ్వు లేకుండా చెయ్యాలి, ఇప్పుడే, ఇక్కడే. అంతకు మించి ఆ క్షణంలో ఆమెకి ఏమీ తట్టలేదు.

"నీకు కనపడనిది ఒకటుంది," అంది. "ట్యాంకు మూత తీసి చూడు. సగానికి పైగా పెట్రోలుంది. మరి అతని భార్య టీ తెచ్చేసరికి ఇంజను ఎందుకు ఆగిపోయి ఉంది? ఇదిగో, ట్యాంకు కింద ఈ పెట్రోలు ట్యాప్ కట్టేసి ఉంది. స్పృహ తప్పి పడిపోయిన మనిషి లేచొచ్చి కట్టడు కదా? అంటే అతను పడ్డాక ఇంకెవరో లోపలికొచ్చారు."

ఇన్‌స్పెక్టర్ మొహం వాడిపోయింది. జల్లెడ ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ సుఖం ఎంతోసేపు నిలవలేదు. అతను వంగి ట్యాప్ చూశాడు, నిటారుగా లేచాడు, అతని పెదాలు మళ్ళీ మెల్లగా విచ్చుకున్నాయి.

"అయితే ప్రమాదం కాదన్నమాట. మనిషి పడుంటే వాణ్ణి చూడకుండా ముందు ట్యాప్ కట్టేది ఎవరు? ఇంజను మేస్త్రి. చేతికి అలవాటు కదా! మేడమ్, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు."

జల్లెడ నాలుక కరుచుకుంది. విడిపించమని తనని బతిమాలుకున్న మనిషి మొగుడి మెడకి తనే ఉరి బిగించింది. అదీ ఒక ఫొటో మీద అసూయతో.

"అతన్ని ఇక్కడికి రప్పించు," అంది. "ఒక్కసారి. నీకు దానివల్ల పోయేదేమీ లేదుగా."

"పాత గురువు అడిగితే కాదంటానా!"

చిన్నల్లుణ్ణి జీపులోంచి దింపి తీసుకొచ్చారు. సన్నటి మనిషి, చేతివేళ్ళ గీతల్లో కడిగినా పోని నలుపు. ఎర్ర ట్రాక్టరు కనపడగానే అతని కళ్ళు ముందు దానివైపే వెళ్ళాయి, తర్వాతే మనుషులవైపు తిరిగాయి.

"మొన్న పొద్దున గొడవ దేనికయ్యా?" జల్లెడ అడిగింది. "రేకు మీద నీ పేరు లేదనా?"

"నా పేరు ఉంటే ఎంత, లేకపోతే ఎంతండీ. నా పేరు కోసం కాదు."

"మరెవరి పేరు కోసం?"

అతను నేలచూపులు చూశాడు.

"సరే. బండి పని అయ్యాక ఎలా ఆపుతావు?"

ఆ ప్రశ్నకి మాత్రం అతని గొంతు తేరుకుంది. "స్విచ్చి కట్టకూడదండీ. ట్యాప్ కట్టెయ్యాలి. కార్బొరేటర్లో మిగిలిన పెట్రోలు తాగేసి దానంతటదే ఆగుతుంది. లేకపోతే లోపల పెట్రోలు జిగురు కట్టి చిల్లులు మూసుకుపోతాయి. ఈ పాత బళ్ళకి అదో పెద్ద జబ్బు."

"తర్వాత?"

"తర్వాతేముంది, గుడ్డ కప్పేస్తాను."

"ఇప్పుడు దాన్ని స్టార్ట్ చెయ్యొద్దు. ఊరికే చేత్తో తిప్పి, ఇంజను బాగుందో లేదో చెప్పు."

ఇన్‌స్పెక్టర్ బేడీలు తీయించాడు. చిన్నల్లుడు ఇంజను పక్కనున్న ఫ్లైవీల్ చక్రం అంచు పట్టుకుని మెల్లగా తోశాడు. అది కదల్లేదు. ఇంకాస్త బలంగా తోశాడు. లోపల గాలి బుస్సుమని అడ్డుపడింది.

"అదేంటి!" అన్నాడు తనలో తనే. "కంప్రెషన్ మీద ఆగుందే! ఎవరు తిప్పారు దీన్ని?"

"ఎవరూ ముట్టుకోలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మొన్నటినుంచీ సీల్లో ఉంది. ఎక్కడో ఓ చోట ఆగాలి కదా, అక్కడ ఆగింది."

"ఆగదండీ. పెట్రోలు అయిపోయి చచ్చే ఇంజను ఆ గాలిని తొయ్యలేక వెనక్కి తన్నుకుని ఆగుతుంది. సరిగ్గా పైన, వాల్వులు రెండూ మూసుకునేచోట నిలబెట్టాలంటే ఆగాక చేత్తో తిప్పి నిలబెట్టాలి. లోపలికి చెమ్మ పోకుండా. మా మామగారు అలా చేసేవారు. అదో చాదస్తం అనుకునేవాణ్ణి నేను. ఇప్పుడలా చేసేది ఒక్క..."

అతను ఆగిపోయాడు. ఫ్లైవీల్ మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. జల్లెడ అతని కళ్ళనే చూస్తోంది. ఆ కళ్ళు రేకు మీదికి వెళ్ళి, అక్కణ్ణుంచి వెనక తలుపు మీదికి వెళ్ళి, చివరికి గట్టిగా మూసుకున్నాయి.

"నేనే తిప్పాను," అన్నాడు. "నేనే వచ్చాను. నేనే చంపానండీ. రాసుకోండి."

ఇన్‌స్పెక్టర్ ఎగిరి గంతెయ్యలేదు గానీ అంత పనీ చేశాడు. బేడీలు మళ్ళీ పడ్డాయి. "వింటున్నారుగా మేడమ్, సాక్షి మీరే. పేపరువాళ్ళని స్టేషనుకి రమ్మంటాను. మీ పేరు కూడా చెప్పమంటారా? షెడ్డు తాళంచెవులు పెద్ద కూతురికి ఇచ్చేస్తున్నాను, మా పని అయిపోయింది. ఒక కానిస్టేబుల్ని మీకు తోడు ఉంచనా?"

"అక్కర్లేదు," అంది జల్లెడ. పిలిచి చెప్పచ్చు. 'ఒరేయ్, ఎవరు తిప్పారని అడిగినవాడు తనే ఎలా తిప్పుతాడు, వాడు ఎవరినో కాపాడుతున్నాడు' అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. చెబితే ఆ మాట కూడా రేపు అతని నోట పేపర్లో పడుతుంది. ఈసారి తనే ముడి విప్పి, ఆ ఫొటో మొహం మీద పడెయ్యాలి. జీపు వెళ్ళిపోయాక ఫోను ఒకసారి మోగింది. అతని నంబరే. ఆమె ఫోను ఆపేసి సంచీలో పడేసింది.

పెద్ద కూతురు వెనక తలుపులోంచి వచ్చింది. ఇల్లు ఆ వెనకే. మొగుడు పోయిన మనిషి, రెండు రోజులుగా నిద్ర లేదు. అయినా వస్తూనే గుడ్డతో ఇత్తడి రేకు తుడిచింది.

"ఒప్పుకున్నాడటగా," అంది. "నాకు తెలుసు. మా ఆయనకొచ్చే కప్పులు చూసి ఆ ఇంట్లో ఇద్దరూ ఏడ్చేవాళ్ళు."

"మీ నాన్నగారు ఇంజను ఆగాక చేత్తో తిప్పి పెట్టేవారట. మీకు తెలుసా?"

"తెలియకపోవడమేం. బండిని నిద్రపుచ్చడం అనేవాడు. ట్యాప్ కట్టి, అది ఆగేదాకా పక్కనే నించుని, తర్వాత చక్రం తిప్పి, ఇక పడుకోమ్మా అనేవాడు. నాకు ఏనాడూ అలా చెప్పిన పాపాన పోలేదు."

"మీరు కూడా అలాగే చేస్తారా?"

ఆమె ఒక్కసారి భగ్గుమంది. "నాకెక్కడ నేర్పాడండీ! నావి మొద్దు చేతులట. నేను గుమ్మం దగ్గర నించునేదాన్ని. చెల్లెల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని దాని చెయ్యి పట్టుకుని తిప్పించేవాడు. వాళ్ళాయనకి ఇంజను మేస్త్రి అని పేరేగానీ, ఆ ఇంట్లో అసలు మేస్త్రి అదే. ఈ ఎర్ర బండి ఇంజనంతా తన వంటింటి బల్ల మీదే విప్పి బిగించింది. నాన్న మొదటి బండి కదా, నెలల తరబడి వాల్వులు అరగదీసుకుంటూ కూర్చుంది. ఇప్పటికీ బండి ఆపిందంటే చాలు, చక్రం తిప్పి దాని చెవిలో చెప్పినట్టు పడుకోమ్మా అంటుంది. అది చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు కంపరమెత్తుతుందండీ. అందుకే రేకు మీద మా ఆయన పేరు ఒక్కటే వెయ్యమని చెప్పాను నేను. నేనే చెప్పాను."

కసి అంతా కక్కేసింది గానీ, తను ఏమందో ఆమె చెవిన పడినట్టే లేదు. గుడ్డ మడిచి భుజాన వేసుకుని, "టీ పెట్టుకొస్తాను," అని లోపలికి వెళ్ళింది.

జల్లెడ పచ్చ ట్రాక్టరు సీటు మీద కూలబడింది. తనకి ఈ కేసు అప్పగించిన మనిషే. మొగుణ్ణి తెచ్చిమ్మని కాళ్ళావేళ్ళా పడ్డ మనిషే. ఆ ఏడుపు అబద్ధం కాదు. అందుకే ఆమెకి భయమేసింది.

ముందు తలుపు తోసుకుని చిన్న కూతురు పరిగెత్తుకొచ్చింది. "ఆయన ఒప్పుకున్నారట! ఎందుకు ఒప్పుకున్నారు? మీరేం చేస్తున్నారు ఇక్కడ? మీకు చెప్పాగా ఆయన కాదని!"

"నువ్వు చెప్పింది నిజమే తల్లీ. ఆయన కాదు. ఆయన ఈ ఫ్లైవీల్ తిప్పి చూశాడు. తిప్పగానే ఒప్పుకున్నాడు."

చిన్న కూతురు ఎర్ర బండివైపు చూసింది. పనిముట్ల పెట్టె మీద కూర్చుంది.

"నా చేతులకి అది తెలియను కూడా తెలియదండీ," అంది. "అలా వెళ్ళిపోతాయి."

"చెప్పు. సాయంత్రం లోపల మీ ఆయన ఇంటికి రావాలంటే నువ్వు చెప్పాలి."

"చెప్తాను. ఆయన్ని వదిలెయ్యమనండి, ఎవరికి చెప్పమంటే వాళ్ళకి చెప్తాను. రేకు సంగతి మా ఆయన నాతో అన్నారు. బావని కడిగేద్దామని వచ్చాను. వెనక తలుపు తీసేసరికి లోపలంతా పొగ. బావ కింద పడున్నాడు. పరిగెత్తబోయాను, నిజంగా పరిగెత్తబోయానండీ. అప్పుడు ఆ రేకు కనపడింది. నాన్న బండి మీద, నా ఇంజను మీద, బావ పేరు. బండేమో పొగలో కొట్టుకుంటోంది, ఎవరూ పట్టించుకోక. నాకు దాని మీద జాలేసింది. ఊపిరి బిగబట్టి వెళ్ళి ట్యాప్ కట్టాను. గుమ్మం బయట నించుని అది ఆగేదాకా విన్నాను. మళ్ళీ వెళ్ళి చక్రం తిప్పాను."

ఈ పిల్లకి ఏదో ఒక దారి చూపించాలని, జల్లెడ తన వృత్తిలో ఎప్పుడూ చెయ్యని పని చేసింది. జవాబు తనే అందించింది. "అప్పటికే బావ పోయాడనుకున్నావు. అవునా?"

"ఊఁ అంటే మీకు బాగుంటుంది కదా." చిన్న కూతురు కళ్ళెత్తింది. "లేదండీ. నేను చక్రం తిప్పుతుంటే బావ గురక నాకు వినపడుతూనే ఉంది. బావ బతికే ఉన్నాడు. తలుపు మూసి వెళ్ళిపోయాను."

టీ గ్లాసు నేల మీద పగిలిన చప్పుడైంది.

వెనక తలుపు దగ్గర పెద్ద కూతురు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూడలేదు. గాజు ముక్కల మీదే నడుచుకుంటూ వచ్చి, వాళ్ళని దాటి, ముందు తలుపు మూసి తాళం వేసింది. వెనక్కొచ్చి వెనక తలుపు గడియపెట్టి దానికీ తాళం వేసింది. కిటికీల సందుల్లో మొగుడు అంటించిన పట్టీలు ఇంకా అలాగే ఉన్నాయి.

"అమ్మా, ఆ తాళంచెవులు ఇలా ఇవ్వండి," అంటూ జల్లెడ సంచీలో చెయ్యి పెట్టి ఫోను తీసింది. ఫోను నల్లగా ఉంది. ఆన్ చెయ్యబోతుంటే ఆమె మణికట్టు మీద పెద్ద పానా ఒకటి వచ్చి పడింది. ఫోను పచ్చ ట్రాక్టరు కిందికి దొర్లిపోయింది.

పెద్ద కూతురు పానా దించలేదు. తాళంచెవుల గుత్తిని పై కప్పు దూలాల మీదికి, ఎవరికీ అందనంత ఎత్తుకి విసిరేసింది. తర్వాత ఇంజను చక్రానికి చుట్టి లాగే స్టార్టింగు తాడు తీసి చెల్లెలి ఒళ్ళో పడేసింది.

"స్టార్ట్ చెయ్యవే," అంది. "మీ బావ ఎంతసేపు ఊపిరి పీల్చాడో చూద్దాం."